పడుకున్నోణ్ణి కొలిచిన టేపు

మొన్న షర్టుకు కొలతలిస్తుంటే, టేపు చల్లగా మెడకు తగలంగనే నా గుండె గుబేల్మంది. నేను పొట్ట సైజుకు భయపడ్డానని టైలర్ అనుకున్నాడు.

ఎనభైల్లో మేం మణుగూరులో, బొగ్గుగని క్వార్టర్లలో ఉండేవాళ్ళం. అమ్మకు కుట్టడమంటే పిచ్చి. నేనూ తమ్ముడూ మేలుకొని ఉంటే సూది కూడా పట్టనిచ్చేవాళ్ళం కాదు. అందుకని మధ్యాహ్నం మేం పడుకున్నాకే మిషన్ మూత తీసేది.

ఒకరోజు నిద్రలో మెలకువొచ్చి చూస్తే, అమ్మ నన్ను టేపుతో భుజం నుంచి నడుం దాకా కొలుస్తోంది. కొన్నాళ్ళ ముందే పక్క క్వార్టర్ తాత చనిపోతే, పాడె కట్టడానికి ఆయన్ని వెదురుబొంగుతో అట్లనే కొలిచారు. ఆయనా కదల్లేదు, నేనూ కదల్లేదు. నాకు విషయం అర్థమైపోయింది.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు కళ్ళమీద నీళ్ళు కొట్టుకొని మరీ మేలుకున్నాను.

"జల్దీ పండుకోరా, మా నాయిన కదా!" అని అమ్మ బతిమాలేది. ఇంత తొందరేందని నాకు ఇంకా వణుకు పుట్టేది.

చివరికి ఏడుస్తూ అడిగాను. "అమ్మా, నాకేం రోగమొచ్చింది?"

"నిద్రపట్టని రోగం! ఒక్క చెయ్యే కుట్టిన్రా, రెండోది కుట్టనిస్తవా లేదా?" అంటూ పెట్టెలోంచి ఒంటిచేతి చొక్కా తీసి చూపించింది.

ఆ సంతోషంలో ఎగిరి గంతేసి తమ్ముణ్ణి కూడా లేపాను. అమ్మ మిషన్‌కు మూత పెట్టేసింది.

రోజు మొత్తంలో ఆమెకంటూ ఉన్నది మా నిద్రేనని ఇప్పుడు తెలుసు. అప్పుడైతే నా ప్రాణం దక్కిందని మాత్రమే తెలుసు.