నలభై మంది మనుషులూ ఒక బావా

మా బావ నన్ను గల్లీ గ్రూపులోంచి వెళ్లగొట్టకపోయి ఉంటే నాకు సొంత సర్వరు ఉండేది కాదు. కాబట్టి ఈ కథలో పుణ్యమేమైనా ఉంటే ఆయనకే చెందాలి. పాపం సంగతి తర్వాత చూద్దాం.

కరోనా మొదటి ఏడు అది. సూరత్‌లోని లింబాయత్‌లో, మగ్గాల పనికి వచ్చిన మా తెలుగువాళ్ళ గల్లీకి రెండు వైపులా వెదురు బొంగులు కట్టి రేకులు అడ్డం పెట్టారు. మగ్గాలన్నీ ఆగిపోయాయి. మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఊరికి పోగలిగినవాళ్ళు పోయారు, మిగిలినవాళ్ళకు బావ తనంతట తానే పెద్దమనిషి అయ్యాడు. బావంటే మా అక్క భర్త. ఫోన్‌లో గల్లీ గ్రూపు పెట్టి, పనికొచ్చే కబుర్లు తప్ప పాటలూ జోకులూ పెట్టరాదని కట్టడి చేశాడు.

పనికొచ్చే కబురే కదా అని నేనొకటి రాశాను. ఆవిరి పట్టేటప్పుడు ఎడమ కాలు స్టూలు మీద పెట్టుకుంటే రెండింతలు పని చేస్తుందని, ఎవరో పెద్ద డాక్టరు చెప్పినట్టు. మర్నాడు పొద్దున పాలకు వెళ్తూ కిటికీల్లోకి చూశాను. పైన దుప్పటి ముసుగు, కింద ఒంటి కాలు. గల్లీ అంతా కొంగలు దిగిన చెరువులా ఉంది. బావ ఇంటి ముందు కాసేపు ఆగాను. ఆయన స్టూలుతో సరిపెట్టుకోక, ఇంకా ఎక్కువ ఫలితం కోసం కాలు నీళ్ళ డ్రమ్ము మీద పెట్టాడు.

సాయంత్రానికి సంగతి బయటపడింది.

"ఏంది బామ్మర్ది, గిది నువ్వు రాసిందేనా?"

"ముందు ఆవిరి మంచిగ పట్టిందా లేదా చెప్పు బావా."

"నడుము పట్టింది" అని, నా ముందే ఫోన్ తీసి నన్ను గ్రూపులోంచి పీకేశాడు.

ఏడో తరగతిలో లెక్కల సారుకూ నాకూ మాట తేడా వస్తే, బడి ఆయనకే వదిలేసి వచ్చినవాణ్ణి. గ్రూపు వదలడం నాకొక లెక్క కాదు. కానీ లాక్‌డౌన్‌లో నోరు ఊరుకోదు. నా పని మగ్గాలు బాగుచేయడం. ఆగిపోయిన యంత్రాన్ని విప్పి చూస్తే అది ఎలా నడిచేదో అదే చెబుతుందని నా నమ్మకం. అడాజన్‌లో ఒక సేటు ఆఫీసు మూస్తూ పారేయబోయిన కంప్యూటరును అంతకుముందే తెచ్చి పెట్టుకున్నాను. హిందీ వీడియోలు చూస్తూ, ఇంగ్లీషు కాయితాలను ఫోన్‌తో తెలుగు చేయించుకుంటూ పదిహేను రోజులు దానితో కుస్తీ పట్టాను. నూలు దుమ్ము పోకుండా ఫ్యానుకు పాత చీర ముక్క కట్టాను. అది వంటగట్టు కింద, బియ్యం డబ్బా పక్కన కూర్చుని గుర్రు కొట్టేది. మా ఆవిడ దాన్ని కూడా డబ్బా అనే పిలిచింది.

ఆ డబ్బా ఏం చేస్తుందో గల్లీ వాళ్ళకు నేను ఇలా చెప్పేవాణ్ణి. ఇది ఒక వాడకట్టు. ఇలాంటి వాడకట్లు దేశంలో ఎన్నో ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో పెద్ద. ఎవరి వాడకట్టులో వాళ్ళు ఉంటూనే పక్క వాడకట్టు వాళ్ళతో మాట్లాడుకోవచ్చు, మధ్యలో దారులున్నాయి. అందరి మీదా పెత్తనం చేసే దొర లేడు. కాకపోతే ఏ పెద్దకైనా ఒక వాడకట్టు నచ్చకపోతే, తన వైపు దారికి కంప అడ్డం వేసుకునే హక్కు ఉంది.

"అయితే ఈడ పాటలు వెట్టచ్చా?" అని అడిగింది మా అత్త, అంటే బావ వాళ్ళ అమ్మ.

"పాటలు వెట్టకుంటేనే పీకేస్త అత్తా."

వారం తిరక్కముందే నలభై మంది ఆడవాళ్ళు వచ్చారు. చివరికి బావ కూడా వచ్చాడు. నిఘా కోసం వచ్చానని ఆయనే చెప్పాడు.

బతుకమ్మ పండుగ వచ్చేసరికి రేకులు తీశారు, కొన్ని మగ్గాలు నడిచాయి, కానీ పదిమంది గుమిగూడొద్దన్నారు. తొమ్మిది రోజుల పండుగకు పూలు పేర్చి, చుట్టూ తిరిగి పాడకపోతే ఎలా? అత్త తేల్చేసింది. ఎవరి ఇంట్లో వాళ్ళు పేర్చుకుంటారు, పాట మాత్రం డబ్బాలో. అత్త ఫోన్‌లో ఒక చరణం పాడి పెడుతుంది, దాని కింద అందరూ "ఉయ్యాలో" అని జవాబు రాస్తారు. మళ్ళీ చరణం, మళ్ళీ ఉయ్యాలో. కొందరు తెలుగులో రాశారు. సూరత్‌లో పుట్టి తెలుగు రాయడం రానివాళ్ళు గుజరాతీ అక్షరాల్లో రాశారు. అరవై చరణాల పాట, నలభై మంది. డబ్బా అంత పని ఎన్నడూ చేయలేదు, మా బియ్యం వెచ్చబడ్డాయి.

మొదటి రోజు ఏడో చరణం దగ్గర కొత్త జవాబు ఒకటి వచ్చింది. మా వాడకట్టుది కాదు, పూణె నుంచి వచ్చింది. అత్త చెల్లెలిది, అంటే మా చిన్నత్తది. ఆమె ఉండేది భీవండిలో. కొడుకు పూణెలో పనిచేస్తూ, అక్కడెవరో నడిపే సర్వరులో అమ్మకు ఖాతా తెరిచాడట.

అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుని ఆరేళ్ళయింది. తల్లి బతుకమ్మను పేర్చిన ఇత్తడి తాంబాళం అత్త సూరత్‌కు తెచ్చుకుంది, చెల్లెలు అది అమ్మ తనకిస్తానన్నదని అంది. అంతే. తాంబాళం అటకెక్కింది, మాట కూడా అటకెక్కింది. అత్త అప్పటి నుంచి స్టీలు పళ్ళెంలోనే పూలు పేరుస్తోంది.

"ఉయ్యాలో" అన్న ఆ ఒక్క మాటను అత్త నాతో మూడుసార్లు చదివించుకుంది. నాలుగోసారి చదవబోతే, "సాలు తియ్ పిలగా, నాకేం చెవుడు లేదు" అంది.

రెండో రోజూ చిన్నత్త పలికింది. నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ పాటలు వద్దన్న బావ నిఘా పేరుతో మూల కూర్చుని అన్నీ వింటున్నాడు కదా, ఆయన చేత కూడా పలికించాలని నా చేయి దురద పెట్టింది. డబ్బా నాది, తాళాలు నావి. అత్త చరణం పెట్టగానే బావ పేరు మీద దానంతటదే "ఉయ్యాలో" పడేటట్టు చిన్న మెలిక పెట్టాను. ఇక చూడాలి. చరణం గాలిలో ఉండగానే బావ ఉయ్యాలో అనేవాడు. ఆడవాళ్ళంతా, "అన్నకు ఎంత భక్తి" అని మెచ్చుకున్నారు.

మూడో రోజు చిన్నత్త పలకలేదు. నాలుగో రోజూ లేదు. ఐదో రోజు అత్త పదకొండు చరణాలకే పాట ఆపేసింది.

"సూసినవా పిలగా, రెండు దినాలు పల్కి మూడోనాడు మూతి తిప్పుకున్నది. దానిది మా నాయిన పోలికే."

నేను డబ్బా ముందు కూర్చుని చూస్తే చిన్నత్త తప్పేమీ లేదు. పూణె పెద్ద మా దారికి కంప వేశాడు. మా మాట అటు పోదు, వాళ్ళ మాట ఇటు రాదు. అక్కడ చిన్నత్త కూడా అక్క తలుపేసుకుందనే అనుకుంటూ ఉంటుంది. ఇద్దరికీ ఫోన్లున్నాయి, నంబర్లున్నాయి. ముందు ఎవరు చేయాలన్నదే ఆరేళ్ళుగా తెగని లెక్క.

పూణె పెద్దకు రాశాను. మరాఠీ మనిషి, హిందీలో జవాబిచ్చాడు. మీ దగ్గర ఉన్నవాళ్ళు మనుషులు కారు, గంటలో రెండు వేల సార్లు ఒకే మాట అనేది మరమనుషులే, అన్నాడు. నేను మా అమ్మ మీద ఒట్టేసి, అందరూ మనుషులే, ఇది మా పండుగ పాట అని రాశాను. ఆయన ఓపికస్తుడు, ఒక చిట్టా పంపాడు. ఒకామె నిమిషానికి పలికింది, ఒకామె అన్నం వార్చి వచ్చి పలికింది, ఒకామె మర్నాడు లేచి అరవై చరణాలకూ ఒకేసారి పలికింది. సరే, వీళ్ళు మనుషులే కావచ్చు. కానీ ఈ ఒక్కాయన ప్రతిసారీ ఒక్క సెకనులో పలుకుతున్నాడు, ఈయన రెప్ప కూడా వేయడా, అని అడిగాడు.

ఆ రెప్ప వేయని మనిషి మా బావ.

మెలిక తీసేసి బావ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. తంతాడనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకు ఎర్కే."

"ఎర్కుంటే మరి ఎందుకు సప్పుడు చేయలే?"

"అమ్మ ప్రసాదం మలీద ముద్ద నాకే ముందు వెడుతున్నది బామ్మర్ది. మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు చెడగొట్టాలె?"

ఇద్దరం కలిసే అత్త ముందు నిలబడ్డాం. ఆమె పూల కాడలు తుంచుతూ విన్నది. చాలాసేపు చేతులు ఆగలేదు.

"అంటే అది పల్కక కాదు, దాన్ని పల్కనిస్తలేరు."

"అవునత్తా."

"ఐదు దినాలసంది దాన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్న. ఆ తిట్లన్నీ మీ ఇద్దరికి రావాలె." కాడ తుంచి నా వైపు విసిరింది. "ఆ పూణె పిలగాని తప్పేం లేదు. మనిషి గానోన్ని తెచ్చి మనుషుల నడుమ నిలవెట్టినవు. నువ్వు చేసిందంత పాటల చెప్పు. అందరు వినాలె. వీడు మాత్రం ఇగ ప్రతి చరణానికి సొంత బొటనవేలుతోనే రాయాలె."

అలా ఎనిమిదో రోజు సాయంత్రం నేను జీవితంలో మొదటిసారీ చివరిసారీ బతుకమ్మ పాట పాడాను. కంప్యూటరు నాదని ఉయ్యాలో, కండ్లు నెత్తికెక్కె ఉయ్యాలో. బావ పేరు మీద ఉయ్యాలో, దొంగ పలుకు పలికిస్తి ఉయ్యాలో. నా ప్రతి సిగ్గుమాలిన పనికీ నలభై మంది ఆనందంగా ఉయ్యాలో అన్నారు. పాటలకు అంత జోరుగా పలకడం నేను ముందెప్పుడూ చూడలేదు.

ఆ పాటను పూణెకు పంపాను. చివర అత్త తన సూరత్ హిందీలో రెండు ముక్కలు చేర్చింది. "బేటా, మషీన్ ఏక్ హీ థా. ఓ మేరా బేటా థా. ఉస్కో బంద్ కర్ దియే. మేరీ బహెన్ కా రాస్తా ఖోల్ దో." మరమనిషి ఒక్కడే, వాడు నా కొడుకే, ఆపేశాం, నా చెల్లెలి దారి తెరువు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం జవాబు వచ్చింది. దారి తీశానన్నాడు. తన సర్వరు కూడా పాతదేననీ, జర మెల్లగా పాడమనీ వేడుకున్నాడు.

"మెల్లగ పాడితేనే పాట" అంది అత్త. తర్వాత నన్ను స్టూలెక్కించి అటక మీది తాంబాళం దింపించింది. ఎడమ కాలు పెట్టి ఎక్కమంది. ఆవిరి నాటి నా కబురు ఆమె మరిచిపోలేదు.

తాంబాళం నల్లగా ఉంది. దాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని ఫోటో తీయించి, కింద చరణం పాడి పెట్టింది. అమ్మ తాంబాళమే ఉయ్యాలో, అటక దిగి వచ్చెనే ఉయ్యాలో. ఒక్కొక్కరే పలికారు. బావ మా పక్కన కూర్చుని, నాలుక బయటపెట్టి, బొటనవేలుతో ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాడు. పూణె వైపు నుంచి ఏమీ రాలేదు. అత్త గిన్నెలో పసుపు కలుపుతూనే ఉంది. అది కలిసిపోయి చాలాసేపయింది.

అప్పుడు చిన్నత్త గొంతు వచ్చింది. రాత కాదు, గొంతే.

"ఉయ్యాలో. అవునుగని అక్కా, ఆరేండ్లసంది దాన్ని తోమనే లేదా?"

అత్త ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకుంది. "నీది నేనెందుకు తోముత? రైళ్ళు మొదలైనంక వచ్చి తోముకొని తీస్కపో."

అవతల ముక్కు చీదిన చప్పుడు, ఆ వెంటనే, "ఆపినవేంది, పాడు" అని. అత్త తర్వాతి చరణం ఎత్తుకుంది. గొంతు మొదట కొంచెం పక్కకు పోయి, మళ్ళీ దారిలోకి వచ్చింది.

బావ నా చెవిలో వంగాడు. "బామ్మర్ది, వేలు గుంజుతున్నది. ఇంకా ఎన్ని చరణాలున్నయి?"

"నలభై" అన్నాను.

నిజానికి ఇరవయ్యే ఉన్నాయి.