పీరాంబీ చూపిన నీళ్ల దారి

పీరాంబీ చనిపోయి నెల దాటింది. ఆమె గురించి నాలుగు మాటలు రాసివ్వమని ఆమె కోడలు షాహిదా అడిగింది. నేను చదివింది మూడో తరగతే. అయినా రాయాల్సింది నేనే.

ముప్పై ఏళ్లు మా ఉరవకొండ పక్క గుట్టల్లో మేకలు మేపిన మనిషి. వాన వెలిస్తే మేకలకంటే ముందు తనే గుట్టెక్కేది. పారిన నీళ్లు మేక పెంటికలను ఈడ్చుకెళ్లి వరసగా వదిలేస్తాయి. ఆ వరస చూసి ఏ నీళ్లు పెన్న ఏటి వైపు పోయాయో, ఏవి హగరి ఏటి వైపు పోయాయో చెప్పేది.

నాలుగేళ్ల కిందట మా వంక మీద చెక్‌డ్యామ్ కట్టడానికి ఇంజనీరు చంద్రమోహన్ వచ్చాడు. అప్పటికి నా చీనీ చెట్లు ఎండుతున్నాయి, బోరు గాలి కక్కుతోంది. నీళ్లు నిలవాల్సిన చోటు పీరాంబీది. ఆమెకున్నది ఆ ఒక్క ఎకరానే. ఊరి కోసం ఇస్తానంది.

చంద్రమోహన్ సెల్లులో మ్యాపు చూశాడు. "ఈ వాలంతా మీ వంక పరీవాహక ప్రాంతమే. నాలుగు వందల ఎకరాల వాన ఇందులోకే వస్తుంది."

"యాడొస్తాది సారూ? గాలిమరలకని లారీలు పోను గుట్ట మీద దావ తవ్వినారు. పైనీళ్లన్నీ ఆ దావలో పడి హగరి పక్కకు పోతాండాయి. సగం గూడా రావు. రాండి, పెంటికలు చూపిస్తా" అంది పీరాంబీ.

అతను పెన్ను ఆపాడు. "సగమే అయితే ఇక్కడ డ్యామ్ దండగమ్మా. అట్లే రాసేదా?"

నా చెట్లు కళ్ల ముందు మెదిలాయి. "నీ మేకల్ని నువ్వు చూసుకోమ్మే! సారుకు పాఠం చెప్పేంతదానివైనావా? ఆమెకు చూపానదు సారూ, మీ లెక్కే రాసుకోండి" అన్నాను.

పీరాంబీ నా వైపు చూసింది. "నిజమే సారూ, నాకు చూపానదు" అని ఎకరా ఇచ్చే కాగితం మీద వేలిముద్ర వేసింది.

తిరిగొస్తుంటే అడిగాను, "కోపమొచ్చినాదా?"

"ఆ సగమన్నా నీ చెట్లకు రానీలే, ఆంజినక్కా."

డ్యామ్ కట్టాక ఏ ఏడూ నీళ్లు మోకాలి లోతు మించి నిలవలేదు, అదీ పది రోజులకే ఇంకిపోయేది. చెట్లను నేనే కొట్టించాను. ఎకరా పోయాక కట్టేసే చోటు లేక ఆమె మేకలను అమ్మేసింది. రాయదుర్గంలో, కొడుకు అద్దె గదిలో, జీన్సు ప్యాంట్ల దారాలు కత్తిరిస్తూ బతికి, అక్కడే కన్నుమూసింది. ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు.

మొన్న వాన పడితే గుట్టెక్కాను. మేకలు లేవు, పెంటికలూ లేవు. నీళ్లు మాత్రం గాలిమరల దావ పట్టుకుని హగరి వైపు పోతున్నాయి. కళ్లద్దాలు లేకుండానే నాకు కూడా కనబడ్డాయి.