ప్రతి గేటుకీ ఒక పిడి

మాంగ్ డోరో చేతికి ఇనుము దొరికితే దానికి పిడి పెట్టకుండా వదలడు. అదొక్కటే ఆయన జబ్బు. బులకాన్‌లో మా సందు సందంతటికీ కావలసినవన్నీ, ఇంటి పక్క రేకుల షెడ్డులో మొహానికి ముసుగేసుకుని, వెల్డింగ్ చేసిపెట్టేది ఆయనే. గేటు అడిగితే గేటుతో పాటు స్తంభానికి వీధి వైపున ఒక ఇనప పిడీ వచ్చేది. కిటికీ ఊచలు అడిగినా పిడి. పందుల దొడ్డి అడిగినా పిడి.

"పిడి ఎందుకు, మాంగ్ డోరో?"

"పట్టుకోడానికి."

"పందుల దొడ్డిని ఎవడు పట్టుకుంటాడు?"

"పందులైతే పట్టుకోవులే. నువ్వు పట్టుకో."

చాపెల్‌లో పునీతుడి విగ్రహం నిలబెట్టే బల్లకీ ఒకటి తగిలిస్తే ఫాదరు తల పట్టుకున్నాడు. "డోరో, ఈయనేమీ జీప్నీ బస్సెక్కి వేలాడడు కదయ్యా."

"బ్రేకు పడ్డప్పుడు తెలుస్తుంది ఫాదర్."

గేటు కంటి కొలతే. పిడికి మాత్రం టేపు పెట్టి మూడుసార్లు కొలిచేవాడు. అందుకే మా సందులో సరిగ్గా మూసుకునే గేటు ఒక్కటీ లేదు.

మా అమ్మమ్మ సెపాది ఇంకో జబ్బు. ఆదివారం సందు చివర ఆలింగ్ తికా ఇంట్లో బింగో. పది ఇళ్ళ దూరం, గంట ప్రయాణం. ప్రతి గేటు దగ్గరా ఆగి ఆ ఇంటివాళ్ళని తిట్టాలి కదా మరి. "నీ కోడి నా మిరప మొక్క తినేసిందే!" "నీ మొగుడు ఇంకా లేవలేదా?" మోకాళ్ళు చూసి డాక్టరిచ్చిన చేతికర్రతో జామకాయలు కొట్టేది. "కర్ర ముసలోళ్ళకిరా. కర్రనో మనిషినో పట్టుకుని పోవాల్సొస్తే అసలు బింగోకే పోను," అనేది. ఆమెకి డెబ్బై తొమ్మిది.

ఒక శనివారం నాకు దుర్బుద్ధి పుట్టింది. మాంగ్ డోరో దగ్గరే ఇనుము కోసే గ్రైండర్ అడిగి తెచ్చి, నెస్టర్ వాళ్ళ గేటు పిడి కోసేసి, ఆయన షెడ్డు తలుపుకే తీగతో కట్టాను. ఏమంటాడో చూద్దామని.

మర్నాడు అమ్మమ్మ బింగోకి బయల్దేరింది. నాలుగిళ్ళు హాయిగా తిట్టుకుంటూ వచ్చింది. ఐదోది నెస్టర్ వాళ్ళది. నాలుగో గేటు దగ్గరే ఆగిపోయింది. ఆ ఇంట్లో వాళ్ళందర్నీ తిట్టేసింది. కుక్కని తిట్టింది. ఎప్పుడో పోయిన వాళ్ళ తాతని తిట్టింది. అవతల బింగో నంబర్లు చదువుతున్నారు, పాకంలో అరటిపళ్ళు వేగుతున్న వాసన వస్తోంది. అయినా కదలదే.

అప్పుడు చూశాను. ఆమె చెయ్యి పిడి మీద ఉంది. వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. తల తిప్పి సందు చివరిదాకా చూశాను. పిడి, పిడి, పిడి. అన్నీ ఒకే ఎత్తు.

పరిగెత్తుకెళ్ళి చెయ్యి అందించాను.

"ఎవరికిరా చెయ్యి? నేను మాట్లాడుతుంటే కనబడట్లా? ఇంటికెళ్ళిపోమంటావా?"

మాంగ్ డోరో ముసుగు నెత్తి మీదికి తోసుకుని వచ్చాడు. చేతిలో కోసిన పిడి. బోసి స్తంభాన్ని చూశాడు, నన్ను చూశాడు. పిడి జేబులో కుక్కుకుని, అమ్మమ్మ పక్కన, ఆమె వైపు వీపు తిప్పి నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, నెస్టర్ గేటుని తనిఖీ చేయడం మొదలెట్టాడు.

"అడ్డం లేవయ్యా," అంటూ అమ్మమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన గేటు వైపే చూస్తూ, పీతలాగా పక్కకి నడుస్తూ, ఆరో గేటు పిడి దాకా తనిఖీ చేశాడు.

మధ్యాహ్నం ఆ పిడి నా చేతే అతికించాడు.

"ఒక వేలి మందం కిందికి దించు."

"పాత అతుకు మచ్చ ఇక్కడుందిగా?"

"మీ అమ్మమ్మ ఈ ఏడు కాస్త వంగింది. ఆమె ముందు నోరు జారావో, నీ చెవికి పిడి అతుకుతా."

మరుసటి ఆదివారం అమ్మమ్మ నెస్టర్ గేటు దగ్గర ఆగి, వేలితో అతుకు తడిమింది.

"ఇది డోరో పని కాదు. కోడి కెలికినట్టుంది." తర్వాతి పిడి అందుకుంటూ, నా వైపు చూడకుండానే అంది: "చాపెల్ మెట్ల దగ్గర ఒకటి తక్కువైందని ఆ పిచ్చోడికి చెప్పు. నాక్కాదు. పాపం, ముసలోళ్ళు ఇబ్బంది పడుతున్నారు."