పగలు కనబడని మంట

మొన్న మా తాడేపల్లిగూడెం ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి, "మేడమ్, హైడ్రోజన్ మంట పగలు కనబడదంటారు, నిజమేనాండీ?" అని అడిగింది. నిజమేనని చెప్పి, ఏదో పనున్నట్టు పక్కగదిలోకి వెళ్లిపోయాను.

నన్ను ఆ ల్యాబులో అసిస్టెంటుగా చేర్పించింది మా మేనత్త కూతురు. నాకంటే ఆరేళ్లు పెద్ద, వదిన అని పిలుస్తాను. కొల్లేటికోటలో చేపలు పట్టే ఇంట పుట్టి, అంతరిక్ష వాహనాలకి వేడి దాచిపెట్టే పరిశోధన దాకా వెళ్లింది. ఆవిడ దగ్గర ఒక లోహపు పొడి ఉండేది. ఎండ వేడికి అది తనలోని హైడ్రోజన్‌ని వదిలేస్తుంది. నీడలోకి వెళ్లాక దాన్ని మళ్లీ పీల్చుకుని, వాహనంలోని బ్యాటరీలు చల్లబడకుండా వేడినిస్తుంది. "మా నాన్న చేపల్ని ఐసులో పెట్టి కాపాడతాడు, నేను బ్యాటరీల్ని వెచ్చగా పెట్టి కాపాడతాను" అని నవ్వేది. మధ్యాహ్నం ఆవిడ కేరేజీ విప్పితే ల్యాబంతా చేపల పులుసు వాసన. ప్రొఫెసరుగారికి సరిగ్గా అప్పుడే మాతో ఏదో పని పడేది.

ఒక సాయంత్రం పైపు జాయింటులో వాషర్ మార్చమని నాకు చెప్పి వెళ్లింది. కైకలూరు బస్సు పోతుందని నేను కొత్తదాన్ని సొరుగులో పడేసి పాతదాన్నే బిగించేశాను. మర్నాడు పొద్దున్న, "వాషర్ మార్చేవా?" అంది. "మార్చేనండి వదినా" అన్నాను. ఆవిడ పొడిని వేడిచెయ్యడానికి హీటర్ వేసింది. కాసేపటికి జాయింటు దగ్గర సన్నగా ఈలలాంటి చప్పుడు. వాల్వు కట్టేయడానికి చెయ్యి చాపింది. కిటికీలోంచి పడే ఎండలో అక్కడ ఏమీ కనబడలేదు. ఆవిడ కోటు చెయ్యి నల్లబడి ముడుచుకుపోతుంటేనే అది మంటని నాకు తెలిసింది. వాల్వు కట్టేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు.

ఏలూరు ఆసుపత్రిలో కుడిచేతి వేళ్లు మూడు తీసేశారు. విచారణలో, జాయింటు తానే బిగించానని చెప్పింది. ప్రాజెక్టు ఆగిపోయింది. ఆవిడ కొల్లేటికోట వెళ్లిపోయి పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయింది. ఏ పెళ్లిలోనో కలిసినప్పుడు ఇవాళ చెప్పేద్దామనుకునేదాన్ని. ఎడంచేత్తో చెంచా పట్టుకుని ఆవిడ తినడం చూసి తల దించుకునేదాన్ని.

ఆ అమ్మాయి అడిగాక వచ్చిన ఆదివారమే కొల్లేటికోట వెళ్లాను. "వదినా, ఆ వాషర్ నేను మార్చలేదండీ" అన్నాను.

ఆవిడ పిల్లల నోటుపుస్తకం దిద్దుతూ తలెత్తలేదు. "తెలుసు. విచారణకి ముందురోజు సొరుగు తీసేను. కొత్త వాషర్ కవర్లోనే ఉంది."

"మరి వాళ్లకి చెప్పలేదేంటండీ?"

"చెబితే నీ ఉద్యోగం పోయేది. నా వేళ్లు ఎలాగూ పోయాయి." పేజీ తిప్పింది. "నువ్వే వచ్చి చెబుతావని చూసేను. చాలా ఏళ్లు చూసేను. తర్వాత మానేసేను."

చెప్పడానికి ఇంకా టైముందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆవిడ ఎదురుచూడడం ఏ ఏడాది మానేసిందో నాకు తెలియదు కూడా.