పన్నెండు రెట్ల దుర్భిణి

ఉదయం ఐదూ నలభైకి మా ఆర్మీ ఇంజనీర్ల దళం బెజవాడ స్టేషన్లో దిగింది. తొమ్మిదింటికి లారీల్లో చల్లపల్లి దాటి కరకట్ట ఎక్కాం. తొంభైల చివరి మాట. కృష్ణకు వరద. సన్నగా వాన. కట్టకు అవతల లంకల్లో ఇళ్ల కప్పులు మాత్రమే కనబడుతున్నాయి. దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే, కొండపల్లి వాణ్ణి. అందుకని పడవ ముందు కూర్చుని చూసి చెప్పే డ్యూటీ నాకు పడింది.

రైలెక్కే ముందు యూనిట్లో స్టోరు హవల్దారు రెండు బైనాక్యులర్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఏడు రెట్లు దగ్గరగా చూపేది, ఇంకోటి పన్నెండు. "పడవలోకి ఏడుది తీసుకో" అన్నాడు. పెద్ద అంకె చూసి నాకు నోరూరింది. పన్నెండుదే మెళ్లో వేసుకున్నా.

పదీ ఇరవైకి బయల్దేరాం. సుబేదారు, ఇంజను నడిపే సిపాయి, దారి చూపడానికి లంకలో పడవ నడిపే మస్తాన్ గారు, నేను. ఆరొందల మీటర్ల దూరంలో చివరి ఇల్లు. తాటాకు కప్పు. దుర్భిణి కళ్లకు పెట్టాను. ఇంజను అదురుకి కప్పు ఎగిరెగిరి పడుతోంది. నా చేతి వణుకూ పన్నెండు రెట్లయింది. ఇంజను ఆపమని అడగాలి. హవల్దారు మాట వినకుండా తెచ్చుకుని, ఇప్పుడు కనబడడం లేదంటే పరువు పోదూ?

"ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు సుబేదారు.

"ఖాళీ సార్."

"చివరి ఇల్లు ఖాళీ. పక్క లంకకు వెళ్తున్నాం. ఓవర్" అని ఆయన రేడియోలో చెప్పాడు. పడవ తిరిగింది.

పక్క లంకలో నలుగుర్ని ఎక్కించుకుని, నలభై నిమిషాల తర్వాత అటుగానే వస్తున్నాం. మస్తాన్ గారు నా భుజం పట్టుకున్నారు.

"అన్ని కప్పుల మీదా కాకులు వాలినయ్ బాబూ. దాని మీద ఒక్కటీ వాల్లేదు. మనుషులున్నారండీ."

దగ్గరికెళ్లాం. కప్పుకి అవతలి వాలున, చీర కొంగుతో దూలానికి కట్టేసుకుని ఒకావిడ. పాతికేళ్లుంటాయి.

"మా ఆయన్ని ఎక్కించుకున్నారా అండీ?"

నాకు అర్థం కాలేదు.

"ఇందాక మీరు తిరిగిపోతుంటే, మీ పడవ కోసం ఈదుకుంటూ వచ్చాడండీ."

ఏమందో చెప్పమన్నాడు సుబేదారు. హిందీలో చెప్పాను. నేను చూడకుండానే ఖాళీ అన్నానని కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. సాయంత్రం ఆరు దాకా వెతికాం. దొరకలేదు.

పదకొండో రోజున యూనిట్‌కి తిరిగొచ్చాం. దుర్భిణి అప్పగిస్తుంటే "బాగా కనబడిందా?" అన్నాడు హవల్దారు. సంతకం పెట్టి వచ్చేశా.

ఇప్పుడు పిట్టల్ని చూడ్డానికెళ్లే కుర్రాళ్లు ఏది కొనమంటారండీ అని అడుగుతుంటారు. గట్టు మీదైతే ఎనిమిది రెట్లది చాలు, పడవెక్కితే ఏడే అంటాను. కారణం చెప్పను.

ఆ రోజు ఆవిడ పడవలోకి దిగుతూ మావైపు చూడలేదు. లోపల కూర్చున్న ఆ నలుగురి మొహాలూ ఒకటొకటిగా చూసింది. అయిపోయాక, మళ్లీ మొదట్నించీ చూసింది.