అమ్మమ్మ కోసం ప్రార్థన

ఎండుద్రాక్ష ఉడికే వాసన తగిలితే మట్టెవాడలోని మా చర్చి, నెలకోసారి ఆ రసాన్నే ద్రాక్షరసంగా రొట్టెతో పాటు పంచి ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం గుర్తొస్తాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బాప్తిస్మం లేకుండా చనిపోయినవాళ్లకు రక్షణ లేదనీ, వాళ్ల కోసం ప్రార్థించడం పాపమనీ సండేస్కూల్లో నేర్పారు. పరకాలలో మా అమ్మమ్మ ఆ ఎండాకాలమే బాప్తిస్మం తీసుకోకుండా, నుదుట బొట్టుతోనే చనిపోయింది.

"అమ్మమ్మ నరకంల ఉన్నదా?" అని అమ్మనడిగాను.

అమ్మ తలుపు దగ్గరికి వేసి, నన్ను పక్కన మోకరింపజేసుకుంది. "ప్రభువా, మా అమ్మను జర చూసుకో" అంది. ఆ తర్వాత రోజూ బడికి ముందు ఇద్దరం అలాగే ప్రార్థించాం. నరకమంటే దవాఖాన లాంటిదనీ, అడుగుతూ ఉంటే ఇంటికి పంపిస్తారనీ అనుకున్నాను.

ఒక బల్ల ఆదివారం పాస్టరుగారు పిల్లల్ని ప్రార్థించమన్నారు. "మా అమ్మమ్మను నరకంలకెల్లి జల్ది ఇడిసిపెట్టు ప్రభువా" అన్నాను గట్టిగా.

"ఎవరు నేర్పిండ్రు బిడ్డా?" అన్నారాయన.

నేను అమ్మవైపు తిరిగాను. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. "నాకు తెల్వదు అయ్యగారూ. ఏడ నేర్సుకున్నదో."

తప్పయిందని అందరి ముందూ నాతో చెప్పించారు. ఆ తర్వాత అమ్మ అందరితో పాటు రొట్టె, ద్రాక్షరసం తీసుకుంది.

దారిలో నా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాను. మతం మారి చేసుకున్న పెళ్లితో పుట్టింటికి దూరమైన అమ్మకు ఆ చర్చివాళ్లు తప్ప ఎవరూ లేరనీ, ఒప్పుకుంటే వాళ్లూ వెలివేసేవారనీ పెద్దయ్యాకే అర్థమైంది.

మర్నాడు అమ్మ తలుపు వేసి పిలిచింది. నేను సంచి తగిలించుకుని బడికి వెళ్లిపోయాను. ఆ తర్వాత తన తల్లి కోసం ఒక్కతే ప్రార్థించిందో, మానేసిందో నేనెప్పుడూ అడగలేదు.