పెంటమ్మ దీవెన

పోయినేడాది ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్లే బస్సులో, పక్క సీట్లోని అవ్వ నా ఐదు నెలల పాప బుగ్గ గిల్లి, "ఏమే పెంటా, యాడికి పోతుండావే?" అంది. మా కాకినాడ వైపు పెంట అంటే పేడ, చెత్త. మనిషిని అంటే అది తిట్టే. పాపను ఇటు లాక్కుని, "అదేం మాట మామ్మగారూ?" అన్నాను కటువుగా.

అవ్వ నొచ్చుకోలేదు. బోసినోటితో నవ్వింది.

"నా పేరే పెంటమ్మ. నాకు ముందు పుట్టినోళ్లు ఒక్కరూ దక్కలా. అందుకే నేను పుట్టంగానే మా నాయన నన్ను చేటలో పెట్టి పెంటదిబ్బ మీద పండబెట్టినాడు. పక్కింటామె ఎత్తుకొచ్చి, దిబ్బ మీద దొరికిందని చెప్పి, మా అమ్మకే గుప్పెడు తవుడుకు అమ్మింది. పారేసిన బిడ్డని సావు కూడా ముట్టుకోదంట. ఎనభై దాటినా నన్నింకా ముట్టుకోలా, చూడు! ముద్దుగా ఉండే బిడ్డని ముద్దుగా పిలిస్తే దిష్టి తగలదా?"

ఉదయగిరిలో దిగుతుంటే ముందు సీటావిడ మా పాపను చూసి, "అబ్బ, బంగారు బొమ్మలా ఉండాదే!" అంది.

"బంగారమా పాడా," అన్నాను గబగబా, "ఒట్టి పెంట!"